మా ధాన్యం సంఘం రూల్సు పుస్తకాన్ని తిరగరాశాం: నా అనుభవం

మా ధాన్యం వర్తకుల, మిల్లర్ల సంఘం నియమావళి చివరిసారి అచ్చయింది 2008లో. గంజ్‌లో, అంటే హైదరాబాద్ ధాన్యం మార్కెట్‌లో, అందరూ దాన్ని రూల్సు పుస్తకం అంటారు. 2025 జనవరిలో అది నా చేతికి వచ్చినప్పుడు, కల్తీ గురించిన పేజీలో ఇంకా 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టమే ఉంది. ఆహార భద్రత నిబంధనలు 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చాక ఆ పాత చట్టం లేనే లేదు. తూకాల పేజీ 1976 చట్టాన్ని చూడమంటోంది. దాని స్థానంలో 2009 లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చి ఎన్నో ఏళ్లయింది. పన్నుల దగ్గర వ్యాట్, చిరునామాల దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. పుస్తకం ఇలా ఉన్నా ఇన్నాళ్లూ వ్యాపారం ఆగలేదు. నోటిమాట మీద, పరిచయం మీద నడిచింది. కానీ గొడవ వచ్చిన రోజున ఆ పుస్తకం ఎవరికీ పనికిరాలేదు.

ఆ గొడవ 2025 జనవరి మొదటి వారంలో వచ్చింది. మిర్యాలగూడ వైపు నుంచి ఒక లారీ బియ్యం హైదరాబాద్ వచ్చింది. మిల్లులో మీటరు పెడితే తేమ 13.6 శాతం చూపింది. ఇక్కడ కొనుగోలుదారు గోదాము ముందు పెడితే 15 దాటింది. దించుకోనన్నారు. మిల్లరు వెనక్కి తీసుకుపోనన్నారు. నాలుగు రోజులు లారీ రోడ్డు పక్కన నిలబడింది. డ్రైవరు లారీ కిందే చాప పరుచుకుని పడుకున్నాడు. వెయిటింగ్ చార్జీ ఎవరు కట్టాలన్నది రెండో గొడవ అయింది. సంఘం పెద్దలు పుస్తకం తిరగేస్తే ఏ మీటరు వాడాలో, శాంపిల్ ఎవరు తీయాలో, ఎన్ని బస్తాల నుంచి తీయాలో ఒక్క ముక్క కూడా లేదు. నెలాఖరున సర్వసభ్య సమావేశంలో కొత్త నియమావళి రాయడానికి కమిటీ వేశారు. ఇద్దరు మిల్లర్లు, ఇద్దరు హోల్‌సేల్ వ్యాపారులు, ఒక కమీషన్ ఏజెంటు, ఒక పప్పుమిల్లు యజమాని, నేను. నేను కాటేదాన్‌లో బియ్యం, పప్పులు ప్యాక్ చేసే యూనిట్‌లో నాణ్యత విభాగం చూస్తాను. ల్యాబ్ తెలిసిన మనిషి ఒకరు ఉండాలని నన్ను కలిపారు. మూడు నెలల్లో తేల్చమన్నారు. నవంబరు దాకా పట్టింది.

ఇలాంటి పనికి ఒప్పుకునేవాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఫైలు గురించి. పాత నియమావళి కంప్యూటర్ ఫైలు ఎవరి దగ్గరా లేదు. చిక్కడపల్లిలో అప్పట్లో డీటీపీ చేసినాయన్ను వెతికి పట్టుకుంటే, ఆయన పాత సీడీ ఒకటి తీసి ఇచ్చారు. అది 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉంది. ఇప్పటి యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎక్కడెక్కడికో పోయాయి, అంకెల పట్టికలు చెదిరిపోయాయి. చివరికి అరవైకి పైగా పేజీలు మళ్లీ టైపు చేయించాం. పేజీకి 40 రూపాయలు, ప్రూఫు దిద్దడం మా పని. ఫిబ్రవరి అంతా దానికే పోయింది. విసుగొచ్చిన మాట నిజమే కానీ, ప్రూఫు దిద్దే సాకుతో పాత పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివాను. అంత శ్రద్ధగా దాన్ని చదివినవాళ్లు కమిటీలో మరొకరు లేకపోవడం తర్వాత చాలా చోట్ల అక్కరకు వచ్చింది.

మార్చిలో బయటి నమూనాలు చదివాం. ధాన్యాల్లో బూజు విషాలు రాకుండా అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2003లో ఇచ్చిన ఆచరణ నియమావళి మొక్కజొన్న అనుబంధానికి బాగా ఉపయోగపడింది. మన దగ్గర ధాన్యాల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదు. కల్లంలో తడిసిన మొక్కజొన్న ఆ గీత దాటడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆస్ట్రేలియా ధాన్యం వ్యాపార సంస్థ నియమావళిని కూడా తెచ్చుకున్నాం. అక్కడి సరుకు గోతాలు లేకుండా సైలోల్లో, రైళ్లలో, ఓడల్లో రాశిగా కదులుతుంది. మనది గోనె సంచి, హమాలీ భుజం, లారీ. కాబట్టి అందులోని నియమాలు మనకు పెద్దగా అతకవు. కానీ దాని కూర్పు నాకు నచ్చింది. అసలు నియమావళి చిన్నది. సాంకేతిక వివరాలన్నీ విడిగా మార్గదర్శక పత్రాల్లో ఉంటాయి. ఒక పరీక్ష పద్ధతి మారితే మొత్తం పుస్తకం తెరవనక్కర లేదు. మేమూ అలాగే చేశాం. పన్నెండు పేజీల మూలం, దాని వెనక అనుబంధాలు. మూలం మార్చాలంటే సర్వసభ్య సమావేశం కావాలి, అనుబంధాన్ని కార్యవర్గమే ఏటా సరిచూసుకోవచ్చు. ఇది ఒప్పించడానికి ఒక్క సాయంత్రం చాలింది. ఇంత సులువుగా తేలిన విషయం మళ్లీ ఏదీ లేదు.

ఏప్రిల్ మొదట్లో సభ్యులందరికీ ముసాయిదాతో లేఖలు పంపి 45 రోజుల గడువిచ్చాం. నెల దాటినా జవాబు రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ మౌనం చూసి నాకు చాలా దిగులు వేసింది. ఎవరికీ పట్టనిదాని కోసమా ఈ తంటా అనిపించింది. తర్వాత మేం పద్ధతి మార్చాం. మొత్తం ముసాయిదా బదులు ఒక్కో నిబంధనను ఒక్కో పేజీలో రాసి, కింద 'ఇది అమలైతే మీ కొట్టులో ఏం మారుతుంది?' అని ఒక్క ప్రశ్న అడిగి, కొట్టు కొట్టుకూ వెళ్లి చేతికిచ్చాం. మలక్‌పేట గంజ్‌లో, బేగంబజార్‌లో గుమాస్తాల దగ్గర కూర్చున్నాం. అప్పుడు మాటలు పొంగాయి. యజమానుల కన్నా గుమాస్తాలే ఎక్కువ చెప్పారు, ఎందుకంటే బస్తా విప్పి చూసేది వాళ్లే.

తేమ గొడవ తేల్చడానికి మే నెలలో ఒక ఆదివారం మీటర్లున్న సభ్యులందరినీ కాటేదాన్‌లోని మా ల్యాబ్‌కు రమ్మన్నాం. ఒకే లాటు బియ్యాన్ని బాగా కలిపి, కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసుకుని మళ్లీ కలిపి, చిన్న శాంపిల్ చేశాం. అదే శాంపిల్‌ను అన్ని మీటర్లలోనూ పోశాం. తక్కువలో తక్కువ 12.6, ఎక్కువలో ఎక్కువ 15.1 చూపాయి. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ వెంటనే ఒకరి మీద ఒకరు కేకలు. పిండి చేసిన గింజను ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి తూచే పద్ధతి చట్టంలోనే ఉంది. అలా చేస్తే 13.8 వచ్చింది. ఆ రెండు గంటలూ ఎవరూ కదల్లేదు. టీలు తెప్పించుకుని ఓవెన్ ముందే కూర్చున్నారు.

మీటర్లు ఎందుకు తప్పాయో ఒక్కొక్కటీ విప్పి చూశాం. ఒకదానికి బ్యాటరీ బలహీనం. ఒకటి గోధుమ సెట్టింగులో ఉండిపోయింది, ఎన్నాళ్లుగా అలా ఉందో యజమానికే తెలియదు. రెండు పాత మీటర్లలో వేడికి సవరణ లేదు. మే ఎండలో లారీ మీద కాగి వచ్చిన బియ్యాన్ని చల్లారకుండా అందులో పోస్తే అంకె ఎటో పోతుంది. శాంపిల్ తెచ్చే పద్ధతిలోనూ లోపం ఉంది. గుడ్డసంచిలో తెచ్చిన శాంపిల్ దారిలోనే ఆరిపోతోంది. మరునాడే మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాం. ఇప్పుడు నియమం ఇది: లారీ మీద అన్ని వైపుల నుంచీ బస్తాలు ఎంచి శాంపిల్ తీయాలి, అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఎదుటే ఉండాలి, మూడు డబ్బాలకు సీలు వేయాలి. ఒకటి కొన్నవారికి, ఒకటి అమ్మినవారికి, మూడోది సంఘానికి. మీటర్లు ఒకదానికొకటి పొసగకపోతే మూడో డబ్బా ఓవెన్‌కు వెళ్తుంది. మీటర్లన్నిటినీ మూడు నెలలకోసారి ఓవెన్‌తో సరిచూడాలి.

ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. తేమ ఎక్కువైతే ఎంత కోయాలన్న పట్టిక దగ్గర మాత్రం మేం ఎదురుచూడని గోడ అడ్డొచ్చింది. పాత పుస్తకంలో తరుగు పట్టిక ఉండేది. ఇంత తేమకు క్వింటాలుకు ఇన్ని కిలోలు, తాలుకు ఇంత, మట్టికి ఇంత. కమీషన్ శాతం కూడా అందులోనే రాసి ఉండేది. దాన్నే కొత్త అంకెలతో రాయాలని సభ్యుల కోరిక. జూన్ మొదట్లో ముసాయిదాను న్యాయవాదికి ఇచ్చాం. మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది. ఆ పట్టిక మీద, కమీషన్ పేరా మీద, బహిష్కరించిన సభ్యుడితో ఎవరూ వ్యాపారం చేయకూడదన్న నిబంధన మీద ఎర్రసిరా గీతలు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు సంఘంగా కూడి ధరలు, కోతలు నిర్ణయించుకుంటే 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 కిందికి వస్తుందని, జరిమానా టర్నోవరులో 10 శాతం దాకా పోవచ్చని ఆయన విడమరచి చెప్పారు. ఎలా కొలవాలో సంఘం చెప్పవచ్చు, ఎంత కోయాలో చెప్పకూడదు. కోత సంగతి అమ్మేవాడూ కొనేవాడూ బేరంలో తేల్చుకోవాలి.

కమిటీలో సగం మంది మండిపడ్డారు. "రేటు చెప్పని సంఘం మనకెందుకు?" అని ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయారు కూడా. నాకు మాత్రం గుండె మీది బరువు దిగినట్టయింది. 2024-25లో ఏ గ్రేడు వరి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. క్వింటాలుకు ఒక్క కిలో తరుగు తీస్తే 23 రూపాయల 20 పైసలు. ఇరవై టన్నుల లారీ మీద 4,640. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల సంగతి మా సంఘం పరిధిలో లేదు, కానీ బయటి మార్కెట్లో మా సభ్యులు కొనే వడ్లకు ఆ పట్టికే శాసనం. గింజ ఎండినా, ఎండకపోయినా ఒక కిలో ముందే పోయేది. ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతోందో అందరికీ తెలుసు. కల్లం దగ్గర నిలబడిన రైతుకు పట్టిక చూపించి 'సంఘం రూలు' అనేవాళ్లు. ఇప్పుడు అలా అనడానికి వీల్లేదు. మీటరు అంకె తక్‌పట్టీ (రైతుకిచ్చే కొనుగోలు చీటీ) మీద రాసి చేతికివ్వాలి. నా మట్టుకు ఈ పుస్తకంలో రెండు మంచి పనులు జరిగాయి. ఇది ఒకటి.

న్యాయవాది మరొకటి సరిచేశారు. పాత పద్ధతిలో గొడవ వస్తే అధ్యక్షుడు ఒక్కడే తీర్పు చెప్పేవాడు. 1996 మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం ఇరుపక్షాల మధ్య రాతపూర్వక ఒప్పందం కావాలి, మధ్యవర్తికి ఆ వ్యవహారంతో సంబంధం ఉండకూడదు. మా చిన్న బేరాలన్నీ ఫోన్లోనే అవుతాయి. కాబట్టి సౌదా చీటీ మీద 'ఈ బేరానికి సంఘం నియమావళి, అందులోని మధ్యవర్తిత్వ నిబంధన వర్తిస్తాయి' అనే వాక్యం అచ్చు వేయించి ఇద్దరి సంతకాలూ తీసుకోవాలని రాశాం. ఆయన ఫీజు 35,000 రూపాయలు. మొత్తం ఖర్చులో అదొక పెద్ద భాగం, కానీ ఆ డబ్బు పెట్టకపోయి ఉంటే సంఘాన్నే ప్రమాదంలో పెట్టే పుస్తకం అచ్చు వేసేవాళ్లం. మీరు ఇలాంటి పని మొదలుపెడితే న్యాయవాదిని చివర కాకుండా మొదటే పిలవండి.

ఇక పాత బియ్యం. హైదరాబాద్‌లో బియ్యం కొట్టుకు వచ్చిన ప్రతి గృహిణీ అడిగేది 'పాతవేనా?' అనే. సంచి మీద 'పాత సోనా మసూరి' అని ఉంటే ధర పెరుగుతుంది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 ఉన్న సంచి మీదా అదే పేరు, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 ఉన్న సంచి మీదా అదే పేరు, సన్నగా ఉన్న మరే రకమైనా అదే పేరు. ఇక పాత అంటే ఎన్ని నెలలు? కమిటీలో ఆరు నెలలన్నవాళ్లు ఉన్నారు, ఏడాదన్నవాళ్లు ఉన్నారు. బేగంబజార్ పెద్దాయన ఒకరు, తన తండ్రి కాలంలో ఏడాది దాటనిదాన్ని పాతదని అమ్మితే పరువు పోయేదని చెప్పారు. ఆవిరి పట్టి అన్నం పొడిపొడిగా వచ్చేలా చేసిన కొత్త బియ్యం కూడా పాతవిగా చెలామణీ అవుతున్నాయి.

ల్యాబ్‌లో వయసు చెప్పలేమా అని నన్ను నిలదీశారు. నిలవ ఉన్నకొద్దీ బియ్యం ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, అన్నం ఎక్కువ ఒదుగుతుంది, అంటుకోవడం తగ్గుతుంది. కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. కానీ పాలిష్ ఎంత పట్టారు, ఎలా నిలవ చేశారు అన్నదాన్ని బట్టి అవి మారతాయి. ఇది ఎనిమిది నెలలది, ఇది పన్నెండు నెలలది అని తేల్చే పరీక్ష మా ల్యాబ్‌లో లేదని చెప్పాను. అందుకని నేను పెట్టిన ప్రతిపాదన: సంచి మీద 'పాత' అనే మాట వేసేవాళ్లు పంట కాలం, సంవత్సరం, మర ఆడించిన నెల తప్పకుండా వేయాలి. వానాకాలం 2024, మర ఆడించినది 2025 అక్టోబరు అని చూస్తే కొనేవాళ్లే లెక్కపెట్టుకుంటారు. చట్టం ప్రకారం ప్యాకింగ్ నెల ఎలాగూ వేస్తున్నాం, కానీ ప్యాకింగ్ నెల పంట వయసు చెప్పదు.

ఈ నిబంధన నాకు వ్యక్తిగతంగా చాలా కష్టమైంది. నేను పనిచేసే యూనిట్ కూడా పాత బియ్యం సంచులు అమ్ముతుంది. చర్చకు ముందురోజు మా యజమాని నన్ను పిలిచి, "నీ మాట మన కంపెనీ మాటే అనుకుంటారమ్మా. రేపటి సమావేశానికి వెళ్లకపోతే మంచిది" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా బరువుగా అనిపించింది. రాత్రంతా ఆలోచించి పొద్దున ఫోన్ చేసి, "సార్, కమిటీలో నేను ల్యాబ్ తరఫున ఉన్నాను, వెళ్తాను" అని చెప్పి వెళ్లాను. వారం రోజులు ఆయన నాతో పని మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. గంజ్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు నెలపాటు మాకు ఆర్డర్లు ఆపేసింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం జులై అంతా ఉంది. దాన్ని ఇంట్లో కూడా పూర్తిగా చెప్పుకోలేదు. సెప్టెంబరులో మా కొత్త సంచుల డిజైను ఆమోదానికి వచ్చినప్పుడు పంట కాలం గడి అందులో ఉంది. ఆయనే పెట్టించారు. నియమం ఇంకా ఆమోదం పొందకముందే.

జీఎస్టీ గురించి ఒక చిన్న మాట. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న సంచులకు 5 శాతం పన్ను పడ్డాక మార్కెట్ అంతా 26 కిలోల సంచులు వచ్చాయి. కొనేవాళ్లలో చాలామంది ఇప్పటికీ అది 25 కిలోల సంచే అనుకుంటారు. కాబట్టి నికర బరువు పెద్ద అక్షరాల్లో సంచి ముందువైపునే వేయాలని రాశాం. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

నేను ఎక్కువ పట్టుబట్టింది గోదాములో మందు పెట్టే నిబంధన మీద. పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. చట్టం ప్రకారం ఆ మాత్రలు ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకు మాత్రమే అమ్మాలి. అయినా కొన్ని కొట్లలో వాటిని గుడ్డముక్కలో కట్టి బస్తాల మధ్య పెట్టడం నేనే చూశాను. ముసాయిదాలో మేం గాలి చొరబడని కవరు, అంచుల మీద ఇసుక సంచులు, కనీసం ఏడు రోజుల గడువు, సగం మోతాదుతో పని కానిస్తే పురుగుకు మందు తట్టుకునే శక్తి వస్తుందన్న హెచ్చరిక, అన్నీ రాశాం. బాగా రాశామనే అనుకున్నాం.

జులై చివర్లో హమాలీ సంఘం వాళ్లతో మలక్‌పేట మార్కెట్ షెడ్డులో, లారీలు రాకముందే, తెల్లవారుజామున కూర్చున్నాం. నేను నిబంధన చదివి వినిపించాక ఒక పెద్దాయన అడిగారు: "అంతా బాగుంది బిడ్డా. ఏడు రోజుల తర్వాత తలుపు ఎవరు తీస్తారు?"

మా దగ్గర జవాబు లేదు. అన్ని పేజీల్లో తలుపు తీసే మనిషి లేడు. ఎవరికైనా తెలిసిన నిజం ఏమిటంటే, గుమాస్తా తాళం చెవి ఇస్తాడు, హమాలీ తలుపు తీస్తాడు, కవరు లాగేదీ హమాలీయే. ఆ పెద్దాయన తోటి మనిషి ఒకరు కొన్నేళ్ల కిందట అలాగే కవరు లాగి, వాంతులతో పడిపోయి, వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. వర్షాకాలంలో తలదాచుకోవడానికి మందు పెట్టిన గోదాము వసారాలోనే పడుకునేవాళ్లూ ఉన్నారని మరొకరు చెప్పారు. ఇప్పుడు గంజ్‌లో, మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువ. తలుపు మీద తెలుగులో రాసిన బోర్డు వాళ్లకు గీతలతో సమానం. ఆ రోజు ఆఫీసుకు వెళ్లాను కానీ పని చేయలేకపోయాను.

మొక్కల ఆరోగ్య నిర్వహణ జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఫ్యూమిగేషన్ (ఇలా వాయువుతో పురుగును చంపే పని) శిక్షణ అక్కడ ఇస్తారు. శిక్షణ పొందిన ఆపరేటర్ ఒకరిని కమిటీకి పిలిపించాం. ఎనిమిది గంటల పనిలో మనిషి పీల్చే గాలిలో ఫాస్ఫీన్ సగటున 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.3 భాగం) మించకూడదని, వెల్లుల్లి లాంటి వాసన వస్తేనే గ్యాస్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అనుకోవడం ప్రాణాంతకమని ఆయన చెప్పారు. కొలిచే మీటరు ఉంటేనే తలుపు తీయాలి. మీటరు ధర అడిగితే 20,000 పైమాటే అన్నారు. వెంటనే అభ్యంతరాలు. చిన్న గోదాము వాళ్లు ఎక్కడ తెస్తారు? ఈ నిబంధన లేకపోతే నేను ముసాయిదా మీద సంతకం చేయనని చెప్పాను. గొంతు వణికింది కానీ చెప్పాను. పప్పుమిల్లు యజమాని నా పక్కన నిలబడ్డారు. మీటర్లు సంఘమే రెండు కొని, డిపాజిట్ మీద సభ్యులకు ఇచ్చేలా ఆయనే దారి చూపారు. ఆగస్టు నెలంతా ఈ ఒక్క పేరా మీదే గడిచింది. చివరికి ఇలా కుదిరింది:

"మందు పెట్టిన గోదాము తలుపును మందు పెట్టిన ఆపరేటరే తీయాలి. ఆయన పేరు, ఫోన్ నంబరు, తలుపు తీసే తేదీ, వేళ తెలుగు, హిందీ, ఉర్దూల్లో, పుర్రె బొమ్మతో సహా తలుపు మీద ఉండాలి. గాలి ఆడనిచ్చి, మీటరు 0.3 పీపీఎం కన్నా తక్కువ చూపాక, ఆ అంకె రిజిస్టరులో రాసి సంతకం చేసిన తర్వాతే హమాలీలను లోపలికి పిలవాలి. పిలిచినా లోపలికి రానని హమాలీ అంటే ఆ పూట కూలి కోయకూడదు."

చివరి వాక్యం హమాలీలు అడిగి రాయించుకున్నది. దాని మీద జరిగినంత వాదన మిగతా పేరా అంతటి మీదా జరగలేదు.

లారీల నిబంధనలో మాత్రం మేం గెలవలేదు. జిల్లాలకు ఎరువులు, సిమెంటు దింపి, తిరుగు ప్రయాణంలో అదే లారీలో బియ్యం ఎక్కించుకురావడం మామూలే. ముందు ఏ సరుకు మోసిందో డ్రైవరు చీటీ ఇవ్వాలి, పురుగుమందులు మోసిన లారీని శుభ్రం చేయకుండా వాడకూడదు అని రాశాం. సెప్టెంబరులో రవాణా యజమానులతో కూర్చుంటే, లారీ కడిగే చోటు ఎవరు ఇస్తారు, ఆ గంటల వెయిటింగ్ ఎవరు కడతారు అని అడిగారు. న్యాయమైన ప్రశ్నలే. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి అది తప్పనిసరి నియమం కాలేదు. సలహాగా అనుబంధంలో మిగిలింది.

ఆమోదానికి అక్టోబరులోనే సభ పెట్టాలనుకున్నాం. ముహూర్తాల వల్ల ఫంక్షన్ హాళ్లు దొరకలేదు. నవంబరులో ఒక ఆదివారం పొద్దున కాచిగూడలో హాలు దొరికింది, మధ్యాహ్నానికల్లా పెళ్లివారికి ఖాళీ చేయాలి. ఆ తొందర ఒక రకంగా మంచిదైంది, ఉపన్యాసాలు తగ్గాయి. తలుపు నిబంధన పెద్ద మెజారిటీతో నెగ్గింది. పాత బియ్యం నిబంధన కొద్ది ఓట్ల తేడాతో బయటపడింది, అచ్చయి ఉన్న సంచులు వాడుకోవడానికి ఆరు నెలల గడువుతో. తరుగు పట్టిక కావాలని లేచి వెళ్లిన పెద్దాయన వచ్చి వ్యతిరేకంగా ఓటు వేసి, కాఫీ తాగి, వెళ్తూ నా దగ్గర ఆగి, "తేమ మీటర్ల పని మాత్రం బాగా చేశారమ్మా" అన్నారు.

ఖర్చు చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ ముందు చెప్పరు. న్యాయవాది, టైపింగు, డబ్బాలు, ఓవెన్ పరీక్షలు, హాలు అద్దె, మూడు భాషల గోడ పత్రాలు, పుస్తకం అచ్చు, రెండు గ్యాస్ మీటర్లు కలిపి లక్షన్నర దాటింది. సంఘం నిధి సరిపోక మీటర్లకు నలుగురు సభ్యులు విడిగా ఇచ్చారు. కమిటీ సభ్యుల పెట్రోలు, ఆదివారాలు ఈ లెక్కలో లేవు. డబ్బు కన్నా ఎదురుచూడటమే ఎక్కువ అలసట తెప్పించింది. జవాబుల కోసం, న్యాయవాది కోసం, హాలు కోసం.

నియమావళి 2025 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. రెండో వారంలోనే మొదటి తగాదా వచ్చింది, మళ్లీ తేమ మీదే. ఈసారి సీలు వేసిన మూడో డబ్బా పొద్దున మా ల్యాబ్‌కు వచ్చింది, మధ్యాహ్నానికి 14.2 అని రాసి ఇచ్చాం, సాయంత్రానికి ఇద్దరూ బేరం చేసుకుని సరుకు దించుకున్నారు. గ్యాస్ మీటర్లలో ఒకటి ఎప్పుడూ బయటే ఉంటోంది. రెండోదాన్ని ఇంకా కొందరు గోదాము యజమానులు అడగడం లేదు, వాళ్ల పేర్లు కార్యవర్గానికి ఇచ్చాను. రవాణా యజమానులతో మళ్లీ సమావేశం ఫిబ్రవరికి ఖాయమైంది. ఈసారి యజమానులతో పాటు డ్రైవర్లను, క్లీనర్లను కూడా పిలవాలని, ముసాయిదా వాళ్లు మాట్లాడిన తర్వాతే రాయాలని సంఘానికి లేఖ ఇచ్చాను.